వరహాలరావు కాల్చిన పులి

ఆ గురువారం ఉదయం వరహాలరావు మనసులో ఉన్న ఏర్పాటు చాలా చిన్నది. తొమ్మిదిలోపు పులి తోక కాల్చెయ్యాలి. తర్వాత వార్నిష్ పుయ్యాలి. సాయంత్రానికి అది ఆరాక గోనెలో చుట్టి, జగదీష్ ఆటోలో అరకు పంపెయ్యాలి. ఈ మూడు పనులూ సవ్యంగా జరిగితే, శనివారం నాడు అక్కడి హైస్కూల్లో పెట్టబోయే బొమ్మల ప్రదర్శనలో అతని పులి గోడకి వేలాడుతుంది. గుడ్డ కొలిచి చించడం తప్ప ఈ మనిషికి ఇంకేమీ రాదనుకునే వాళ్ళందరూ అప్పుడు నోరు మూసుకుంటారు. అందరూ అంటే, ముఖ్యంగా అతని భార్య కమల.

వరహాలరావుకి అరకు లోయలో సిర్లగుడ సంతవీధిలో బట్టల కొట్టు ఉంది. అతని తాత శృంగవరపుకోట నుంచి చీరల మూట నెత్తిన పెట్టుకుని ఘాటీ ఎక్కి వచ్చిన నాటి నుంచి ఆ కుటుంబం అక్కడే ఉంటోంది. రెండేళ్ళ కిందట డాక్టరు అతని చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, “మీకు బీపీ ఉంది. ఊరికే కంగారు పడకుండా ఏదైనా సరదా పని పెట్టుకోండి” అన్నాడు. ఆ మాట అతను అరకు హైస్కూల్లో బొమ్మలు నేర్పే రమణి టీచరుకి చెప్పుకుంటే, ఆవిడ తన బీరువాలోంచి ఒక కరెంటు కలం తీసి ఇచ్చింది. ప్లగ్గులో పెడితే దాని మొన ఎర్రగా కాలుతుంది. దానితో చెక్క మీద గీస్తే గీసిన చోటల్లా మాడి, గోధుమరంగులో బొమ్మ పడుతుంది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మాడని చెక్క లేదు. కూర్చునే పీటలు, కుర్చీ చేతులు, అల్మారా తలుపులు అన్నీ అయిపోయాక, ఒకనాడు కమల చపాతీ పీట మీద తామరపువ్వు కాల్చాడు. అది కాస్త లోతుగా పడింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో ప్రతి చపాతీకీ రేకులు ఉంటున్నాయి. “ఇల్లంతా సెక్క మాడిన కంపు. మీ బీపీ నాకొచ్చేటట్టున్నాది” అనడం తప్ప, అతని బొమ్మల గురించి ఈ రెండేళ్ళలో కమల మంచో చెడో ఒక్క ముక్క అనలేదు.

ఈ పులికి చెక్క ఇచ్చింది సుక్రు. సుక్రు రెండు మైళ్ళ ఎగువన ఉన్న గూడెంలో కాఫీ రైతు. తోట పని లేనప్పుడు ఉలి, చిన్న కత్తి పట్టుకుని కొయ్యబొమ్మలు చెక్కుతాడు. ఒకసారి తువ్వాలు కొనడానికి కొట్టుకి వచ్చి, వరహాలరావు కాల్చిన గుర్రాన్ని చూసి, “దీనికి ఎనక కాలు ఎదరకొచ్చేసింది సావుకారూ” అన్నాడు. బొమ్మని బొమ్మగా చూసి మాట్లాడిన మొదటి మనిషి అతనే కావడంతో వరహాలరావు ఆ తువ్వాలుకి ఇంకో తువ్వాలు కలిపి ఇచ్చేశాడు. అలా స్నేహం కుదిరింది. మొన్నటి గాలివానకి తన తోటలో సిల్వర్ ఓక్ చెట్టు కూలినప్పుడు, సుక్రు దాంట్లోంచి మూడడుగుల పలక కోసి, చిత్రిక పట్టి, భుజాన వేసుకుని దిగి వచ్చి ఇచ్చాడు. మిగతా చెట్టు అతని ఇంటి పొయ్యిలోకి పోయింది.

పలక మీద పులి కాల్చడానికి రెండు నెలలు పట్టింది. ఈసారి కాళ్ళు నాలుగూ ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. ఆ సంగతి సుక్రుకి చెప్పకుండా వరహాలరావు ఉండలేకపోయాడు.

సిర్లగుడలో ఫోనుకి సిగ్నల్ ఒక్కచోటే దొరుకుతుంది. జీపులు ఆగే కల్వర్టు గోడ ఎక్కి, తూర్పుకి తిరిగి నిలబడి, గట్టిగా అరవాలి. అందువల్ల ఆ ఊళ్ళో ఫోనులో రహస్యాలు చెప్పుకున్నవాళ్ళు ఇంతవరకూ లేరు. ఆ చలిలో, ఆ మంచులో, వరహాలరావు మఫ్లరు బిగించి గోడ ఎక్కాడు.

“సుక్రూ! నేనే! పులిని కాల్సేసేను!”

అవతల సుక్రు ఏమన్నాడో వరహాలరావుకి మాత్రమే వినపడింది.

“ఆ! తలకాయ మొన్ననే అయిపోయింది. ఒళ్ళు కాల్సడం నిన్నటితో అయిపోయింది. తోకొక్కటే మిగిలింది, ఇప్పుడెల్లి కాల్సెత్తాను... నాదేటున్నాది, అంతా నీ సలవే! నీ తోటలో అది పడకపోతే నాకీ పులెక్కడిది? మరి నీ ఎలుగుబంటి మాటేటి? కడుపు కోసి లోపలంతా తీసేసేవా?”

సుక్రు చెక్కుతున్నది కాఫీ గింజలు దాచుకునే డబ్బా. ఎలుగుబంటి ఆకారం, పొట్ట డొల్ల, వీపు మీద మూత.

“బేగి కానియ్యి! రెండూ గోనెల్లో సుట్టి అరకు పంపించేద్దాం. రమణి టీచరు తీసుకుంటానన్నారు. శనివారం దాకా మాత్రం ఎవళ్ళ కంటా పడకూడదు, తెల్సిందా? ఎవళ్ళ కంటా!”

ఎవరి కంటా పడకూడదన్న ఆ మాట, కల్వర్టు దగ్గర జీపు కోసం చూస్తున్న పదకొండు మందీ స్పష్టంగా విన్నారు.

ఆ పదకొండు మందిలో లక్ష్మీప్రసాద్ ఒకడు. అతనికి ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టు, ‘సిర్లగుడ సమాచారం’ అనే వాట్సాప్ గ్రూపూ ఉన్నాయి. కొట్టుకి రోజుకి నలుగురు వస్తే గొప్ప. గ్రూపులో నాలుగువందల మంది ఉన్నారు. లక్ష్మీప్రసాద్ గబగబా అందులో ఇలా పెట్టాడు: “తాజా వార్త. మన ఊరి బట్టల వ్యాపారి ఒకరు పులిని కాల్చేశారు. నిజం తేలేవరకు పేరు రాయడం పద్ధతి కాదు. ఊళ్ళో బట్టల కొట్టు ఒక్కటే.”

ఆ వార్త జీపుల్లో కొంత, ఫోన్లలో కొంత ప్రయాణం చేసి, అనంతగిరి దాకా దిగి మళ్ళీ ఘాటీ ఎక్కి సిర్లగుడకే వచ్చేసరికి పులులు రెండయ్యాయి, ఒక ఎలుగుబంటి కలిసింది, వాటన్నిటినీ రమణి అనే పెద్ద వ్యాపారస్తురాలు ఓడల మీద పంపించేస్తోందని తేలింది.

వరహాలరావు ఇవేమీ తెలియకుండా తోక పూర్తి చేసి, చిక్కటి ఎర్ర వార్నిష్ దట్టంగా పూసి, పలకని పెరట్లో నీడన ఆరబెట్టి, పదింటికి కొట్టు తెరిచాడు. తెరవగానే టిఫిన్ హోటలు దేవీప్రసాద్ లోపలికి వచ్చి, వెనక్కోసారి చూసి, గొంతు తగ్గించాడు.

“విన్నాం వరహాలరావుగారూ. ఊరంతా అదే మాట.”

వరహాలరావుకి గుండె నిండిపోయింది. సుక్రు ఎక్కడో చెప్పి ఉంటాడనుకున్నాడు. “ఏదో, మీ అందరి అభిమానం.”

“గోళ్ళు బాగున్నాయా?”

కళ్ళ గురించి అడిగేవాళ్ళు ఉంటారు, చారల గురించి అడిగేవాళ్ళు ఉంటారు. గోళ్ళ గురించి అడిగాడంటే ఈ మనిషిలో ఎంత రసికత ఉండాలి! ఇన్నేళ్ళూ ఇడ్లీలు తిని వచ్చేశాడే గానీ తను గుర్తించలేదు. “గోళ్ళంటే అడిగేరు కాబట్టి సెప్తన్నాను. మొత్తమ్మీద కష్టమంతా వాటితోనే. ఒక్కో గోరుకీ ఒక పూట పట్టింది.”

“పట్టదేటి మరి” అన్నాడు దేవీప్రసాద్ భయభక్తులతో. “అందులో ఒక్కటి... మా మనవడి మెళ్ళోకి. బంగారంలో కట్టిద్దామని.”

“ఒక్క గోరు విడిగా ఎలగ ఇత్తానండీ? అదంతా కలిపి ఒక్క ముక్క. విడగొడితే పాడైపోద్ది.” దేవీప్రసాద్ ముఖం చిన్నబోవడం చూసి వరహాలరావుకి జాలేసింది. “కావాలంటే మీ మనవడి కోసం ఇంకోటి కాల్సి ఇత్తాను. రెండు నెల్లు టైమియ్యండి. కూనని కాల్సమంటారా?”

దేవీప్రసాద్ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, వెనక్కి నడుస్తూ బయటికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కొట్టు ముందు జనం ఆగసాగారు. ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు అతనితో సెల్ఫీ తీసుకున్నారు. ఒకడు “భయం వెయ్యలేదా సార్?” అంటే, “మొదట్లో వేసింది. ఒకసారి చెయ్యి పడ్డాక అదే అలవాటైపోద్ది” అన్నాడు వరహాలరావు. పొరుగు వీధి నుంచి సోములమ్మ కూడా కర్ర పొడుచుకుంటూ వచ్చింది. డెబ్భై దాటిన ఆ ముసలమ్మ కొట్టు మెట్టు మీద కూలబడి, సూటిగా అడిగింది.

“సావుకారూ, నీకు కొవ్వుందంట గదా?”

వరహాలరావు బిత్తరపోయాడు. “ఎవులన్నారమ్మా?”

“అందరూ అంతన్నారు. శానా ఉందంట.”

“నాకా? కొవ్వా? నేనెవులి జోలికైనా ఎల్లేనా? ఎవుల్నైనా మాటన్నానా?”

“కోపమెందుకు? కూసింత ఇత్తే మోకాలికి రాసుకుంతాను.”

తన కొవ్వు ఆవిడ మోకాలికి ఎలా పనికొస్తుందో వరహాలరావుకి బోధపడలేదు. నాలుగు బొమ్మలు కాల్చగానే తల పొగరెక్కిందని ఊళ్ళో అనుకుంటున్నారని మాత్రం అర్థమైంది. “ఇంత పెట్టుకుని కూసింత ఇయ్యవేటి” అని గొణుక్కుంటూ సోములమ్మ లేచి వెళ్ళిపోయింది. అతనికి బీపీ పెరిగినట్టు అనిపించింది. ఇంతమంది కొట్టు ముందు తచ్చాడుతుంటే శనివారం దాకా పులి ఎవరి కంటా పడకుండా ఉండడం కల్ల. పెరట్లోకి తొంగి చూసేవాళ్ళు అప్పుడే కనిపిస్తున్నారు.

వెంటనే కమలని కొట్టులో కూర్చోబెట్టి, పెరట్లోకి వెళ్ళి పలకని గోనెలో చుట్టి, తాడు బిగించి, వెనక గుమ్మం లోంచి జగదీష్ ఆటోలో పడుకోబెట్టాడు. వార్నిష్ ఇంకా తడిగానే ఉంది. అయినా ఏం చేస్తాడు?

“లోపలేటండీ?” అన్నాడు జగదీష్.

“నీకెందుకు? ఎవులడిగినా సెప్పకు. రమణి టీచరు సేతికే ఇయ్యి.”

ఆటో వెళ్ళిన పావుగంటకి అటవీశాఖ జీపు వచ్చి ఆగింది.

అందులోంచి సెక్షన్ ఆఫీసరు దుర్గాప్రసాద్ దిగాడు. కోస్తా వైపు మనిషి. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. ఇంకో తొమ్మిది నెలల్లో రిటైర్మెంటు. తన సెక్షన్లో పులి చచ్చిపోయిందని వినగానే అతనికి మొదట గుర్తొచ్చింది పులి కాదు, పెన్షను. ముఖం పాలిపోయి ఉంది. పక్కన ఒక గార్డు పుస్తకం, పెన్నూ పట్టుకుని నిలబడ్డాడు.

“వరహాలరావు మీరేనా? సరుకు మీ దగ్గరే ఉందని మాకు తెలిసింది. దాచడానికి ప్రయత్నించకండి.”

వరహాలరావు మనసు సుక్రు ఇచ్చిన పలక మీదికి పోయింది. కొన్ని చెట్లు కొట్టాలంటే కాగితాలు కావాలని అతను విన్నాడు. సిల్వర్ ఓక్‌కి కావాలో అక్కర్లేదో ఎప్పుడూ అడగలేదు.

“తప్పయిపోయింది సార్. కాయితం తీసుకోవాలని తెలీదు.”

“కాగితమా! దీనికి కాగితం ఎవరిస్తారయ్యా?” దుర్గాప్రసాద్ గొంతు కీచుమంది. “ఎక్కడిదది?”

“సుక్రు కాఫీ తోటలోది. మేం పడగొట్టలేదు సార్, ఒట్టు. గాలికి పడిపోయింది.”

దుర్గాప్రసాద్ తన సర్వీసులో గాలికి పడిపోయిన పులిని చూడలేదు. “పడిపోతే?”

“అక్కడే రంపం పెట్టి కోసేరు. నాకు మూడడుగుల ముక్క ఇచ్చేడు.”

“మిగతాది?”

“వాళ్ళింట్లో పొయ్యిలోకి సార్. సలికాలం కదా, పిల్లలూ పెద్దలూ అందరూ...”

రాసుకుంటున్న గార్డు పెన్ను ఆగిపోయింది. దుర్గాప్రసాద్ కౌంటరు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. “ఇంకో గార్డుని అప్పుడే పైకి పంపించాను. సుక్రుని తీసుకొస్తున్నారు” అన్నాడు నీరసంగా.

అప్పటిదాకా కౌంటరు వెనక, కల్వర్టు దగ్గర్నుంచి వచ్చిన ఒక కుర్రాడి ఫోనులో లక్ష్మీప్రసాద్ గ్రూపు చూస్తున్న కమల ఒక్కసారిగా లేచింది.

“ఏటండీ ఇది! మీరు పులిని కాల్సేరంట! తుపాకీతో!”

వరహాలరావు ఫోను తీసుకుని చదివాడు. మొదటిసారి చదివితే అర్థం కాలేదు. రెండోసారి చదివేసరికి పొద్దున్నుంచి జరిగినవన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి వచ్చి ముఖాన కొట్టాయి. గోరు. కొవ్వు. భయం వెయ్యలేదా సార్. తన బొమ్మ కోసం ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు కూడా రాలేదు.

“సార్! అది పులి కాదు సార్! అంటే పులే, కానీ కాల్సడం అంటే తుపాకీతో కాదు. కరెంటుతో!”

“కరెంటు పెట్టారా!” దుర్గాప్రసాద్ కేక వీధి చివరికి వినపడింది.

“బొమ్మండీ బాబూ, బొమ్మ!” కమల ఇంట్లోకి పరిగెత్తి, చపాతీ పీట తెచ్చి ఆయన ముక్కు కింద పెట్టింది. “ఇదిగో, ఇలగ సెక్క మీద కాలుత్తారు. ఈయనకి బల్లిని కొట్టాలన్నా సెయ్యి రాదు, పులినేటి కొడతారు!”

దుర్గాప్రసాద్ తామరపువ్వుని చాలాసేపు చూశాడు. నమ్మాలని అతనికి ప్రాణం లాగింది. అయినా ఉద్యోగి కనుక, “సరే. ఆ పులి బొమ్మ చూపించండి” అన్నాడు.

“ఆటోలో ఎల్లిపోయింది సార్.”

కమలతో సహా అందరూ జీపెక్కి ఆటో వెనక బయల్దేరారు. వరహాలరావు మఫ్లరు కొస నులుముకుంటూ కూర్చున్నాడు. కొట్టు గురించి గానీ, పోలీసుల గురించి గానీ అతను అనుకోవడం లేదు. సుక్రు గురించి అనుకుంటున్నాడు. తనకి సంతవీధిలో నలుగురు పెద్దమనుషులు మాట సాయం వస్తారు. అడవిలో ఏది జరిగినా మొదట పట్టుకెళ్ళేది మాత్రం గూడెం మనిషిని. కాఫీ పండు ఎర్రబడి, కోతకి ఇరవై మందిని పిలుచుకున్న రోజున, తను గోడెక్కి అరిచిన అరుపుకి ఆ మనిషిని గార్డు వెంట నడిపించుకొస్తున్నారు. “ఆడికేటైనా అయితే నేను మళ్ళీ కలం ముట్టుకోను” అన్నాడు కమలతో, దాదాపు తనలో తను అనుకున్నట్టు. కమల అతని చెయ్యి పట్టుకుంది.

ఘాటీ మూడో మలుపులో, కాఫీ గింజలు ఆరబోసే సిమెంటు కళ్ళం దగ్గర జగదీష్ ఆటో కనిపించింది. ఆటో ఒక్కటే ఉంది. దానికి ఇరవై అడుగుల దూరంలో గుండ్రంగా యాభై మంది నిలబడి ఉన్నారు. జగదీష్ కళ్ళం గట్టున ఉన్న నీళ్ళ ట్యాంకు మీద ఉన్నాడు. మలుపు దగ్గర సిగ్నల్ రాగానే అతని ఫోనులో గ్రూపు మోగిందట. ‘నీలం రంగు ఆటోలో పులి తోలు తరలింపు’ అని చదివి, వెనక్కి తిరిగి గోనె చూశాడు. గోనె అడుగు నుంచి ఎర్రగా, చిక్కగా ఏదో కారి ఆటోలో మడుగు కట్టింది. అప్పటికి ఆటో ఇంకా నడుస్తూనే ఉంది. జగదీష్ మాత్రం అందులో లేడు. దేవుడి దయవల్ల అది కళ్ళం పక్కన పేర్చిన కాఫీ బస్తాలకి తగిలి ఆగింది.

“రక్తం సార్! ఇంకా ఎచ్చగా ఉంటాది!” అని ట్యాంకు మీద నుంచి అరిచాడు.

“వార్నిష్ రా!” అన్నాడు వరహాలరావు.

ఎవరూ నమ్మలేదు. అప్పుడే పై దారిలోంచి రెండో గార్డుతో కలిసి సుక్రు దిగాడు. గార్డు ఒక చేత్తో సుక్రు ఉలి, కత్తి, రెండో చేత్తో ఎలుగుబంటిని పట్టుకుని ఉన్నాడు. సుక్రు ముఖంలో భయం లేదు గానీ అలసట ఉంది. వరహాలరావు గబగబా ఎదురెళ్ళాడు.

“సావుకారూ,” అన్నాడు సుక్రు, “ఫోనులో మెల్లిగా మాటాడమని నీకు ఎన్నిసార్లు సెప్పేను?”

దుర్గాప్రసాద్ జనాన్ని వెనక్కి జరిపించాడు. గార్డు ఫోను తీసి వీడియో పెట్టాడు. తాడు కొయ్యడానికి సుక్రు కత్తే దొరికింది. గోనె ఒక మడత, రెండో మడత తీశారు. మూడో మడత వార్నిష్‌కి అతుక్కుపోయి చర్రుమంటూ ఊడింది. లోపల చెక్క పలక మీద, నాలుగు కాళ్ళూ సరైన చోట ఉన్న ఒక పులి, నిండా చారలతో, తల కొంచెం పక్కకి తిప్పి అందరినీ చూసింది.

దుర్గాప్రసాద్ వేలితో ముట్టుకున్నాడు. వేలు వాసన చూశాడు. టోపీ తీసి పక్కన పెట్టి, ఆరబోసిన కాఫీ గింజల మధ్య అలాగే చతికిలబడి కూర్చుండిపోయాడు. రెండు నిమిషాల పాటు ఆయన భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో ఎవరికీ తెలియలేదు. “వార్నిషే” అన్నాడు చివరికి. “నాయనా, ఇది వార్నిషే.”

జనం ఒక్కసారిగా ఊపిరి వదిలారు. ఎవరో నవ్వారు. జగదీష్ ట్యాంకు దిగాడు. వరహాలరావు కూడా వెళ్ళి ఆయన పక్కనే చతికిలబడ్డాడు. ఇక అంతా అయిపోయిందనుకున్నారు.

కానీ దుర్గాప్రసాద్ కళ్ళు తుడుచుకుని, గార్డు చేతిలోంచి పుస్తకం తీసుకున్నాక మళ్ళీ ముఖం ముడుచుకున్నాడు.

“ఒక చిక్కుంది. కంప్లయింటు పైకి వెళ్ళిపోయింది, నేను రిపోర్టు రాయాలి. అందులో ‘పులి’ అన్న మాట పడితే చాలు, చెక్కదైనా మట్టిదైనా పైవాళ్ళు అడగరు. సిటీ నుంచి టీము దిగుతుంది. సుక్రు తోటంతా కెమెరాలు కడతారు. పది రోజులు ఎవర్నీ తోటలోకి పోనివ్వరు.”

“పది రోజులా!” అన్నాడు సుక్రు. “పండంతా రాలిపోద్ది సార్.”

దుర్గాప్రసాద్ పలక వైపు చూశాడు. తల కొంచెం ఇటు వంచాడు, అటు వంచాడు. “వరహాలరావుగారూ, ఏమీ అనుకోకండి. దీన్ని... పిల్లి అని రాసుకుంటే?”

వరహాలరావు పులి కాళ్ళ వైపు చూశాడు.

“పిల్లే సార్!” అన్నాడు జగదీష్ వెంటనే. “నేను మొదట్నించీ పిల్లనే అనుకుంటన్నాను.”

“పిల్లేటి?” కమల జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. “కళ్ళు కనబడ్డం లేదా మీకు? ఆ సారలు సూడండి. ఆ సూపు సూడండి. రెండు నెల్లు నా కళ్ళెదట కాల్సేరు. వంటింట్లోంచి ఒచ్చినపుడల్లా ఉలిక్కిపడేదాన్ని. పులిని పట్టుకుని పిల్లంటే నేనొప్పుకోను!”

వరహాలరావు తల తిప్పి భార్యని చూశాడు. ఈ రెండేళ్ళూ ఏ మాట కోసం ఎదురుచూశాడో, ఆ మాట యాభై మంది ఎదుట, ప్రభుత్వ ఉద్యోగి ఎదుట, తప్పు సమయంలో వచ్చింది.

“రాసెయ్యండి సార్, పులనే” అన్నాడు సుక్రు మెల్లిగా. “పులిని పిల్లని ఎలగ సెప్తాడు సావుకారు? కష్టపడ్డాడు.”

ఆ మాటతో వరహాలరావుకి సందేహం తీరిపోయింది. లేచి, ప్యాంటుకి అంటిన గింజలు దులుపుకుని, పుస్తకం కోసం చెయ్యి చాపాడు.

“పిల్లే సార్. సంతకం ఎక్కడ?”

“అయ్యో, ఏటండీ!” అంది కమల.

“నువ్వు పులన్నావు కదా. నాకది సాలు.”

దుర్గాప్రసాద్ తీరిగ్గా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. బట్టల వ్యాపారి వరహాలరావు తన వినోదం కోసం ఒక పిల్లిని చెక్కపై చిత్రించుకున్నాడనీ, ఆ పిల్లి వల్ల అడవికి గానీ ప్రజలకి గానీ ఎలాంటి ప్రమాదమూ లేదనీ, పరిశీలనలో తేలినట్టు. ఎలుగుబంటిని గురించి గార్డు గుర్తుచేస్తే, “అది డబ్బా” అని ఒక్క మాటలో తేల్చేశాడు. జగదీష్ సాక్షి సంతకం చేశాడు. సుక్రు ఉలి, కత్తి సుక్రుకి ఇచ్చేశారు. జీపులోనే అతన్ని తోట దాకా దింపుతానని దుర్గాప్రసాద్ పట్టుబట్టాడు. ఎక్కబోతూ సుక్రు వెనక్కి తిరిగి, పులిని ఒకసారి నిదానంగా చూసి, “కాళ్ళు బాగా కుదిరేయి సావుకారూ” అన్నాడు.

వరహాలరావు, కమల ఆటోలో అరకు వెళ్ళి రెండు బొమ్మలూ రమణి టీచరుకి అప్పజెప్పారు. తను ఓడల వ్యాపారం చేస్తున్నానని ఆవిడకి అప్పటికే తెలిసింది. పొద్దున్నుంచి నాలుగు ఫోన్లు వచ్చాయట. ఆవిడ నవ్వి నవ్వి కుర్చీలో కూర్చుంది. తిరిగి వస్తూ ఘాటీలో చలి గాలికి కమల తన శాలువా సగం అతని మీద కప్పింది. లక్ష్మీప్రసాద్ సాయంత్రానికల్లా గ్రూపులో సవరణ పెట్టాడు: “కాల్చినది పిల్లి. అదీ బతికే ఉంది. వదంతులు నమ్మవద్దు.” దాని కింద సోములమ్మ మనవరాలు, “మా అవ్వ మోకాలికి పిల్లి కొవ్వు పనికిరాదంట” అని రాసింది.

రిపోర్టులో ఒకటి, గోడ మీద ఇంకొకటి ఉంటే మళ్ళీ చిక్కని, బొమ్మ కింద పెట్టిన చీటీ మీద రమణి టీచరు ‘పిల్లి’ అనే రాసింది. శనివారం ప్రదర్శన ప్రారంభించడానికి వచ్చిన దుర్గాప్రసాద్ ఆ చీటీ రెండుసార్లు చదివి, తృప్తిగా తల ఊపాడు.

ఆ రోజు వచ్చి చూసినవాళ్ళందరూ ఒకే మాట అన్నారు: పిల్లి అచ్చం పులిలా ఉందని.